అన్నకు చెప్పని దవడ సంగతి

మనిషి నోరు ఎంత తెరుచుకుంటుందో చూడటానికి స్కేలు అక్కర్లేదు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు ఒకదాని మీద ఒకటి పేర్చి పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య పెట్టుకుంటే చాలు. మూడూ పడితే నోరు బాగున్నట్టు. మా అన్న నోట్లో ఇప్పుడు ఒక్క వేలు పడుతుంది, అదీ చిటికెన వేలు. ఆయన అద్దం ముందు నిలబడి ఆ వేలు పెట్టుకుని చూసుకుంటున్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎవరి మీద కోపం అని అడిగితే నా దగ్గర జాబితా పెద్దదే ఉంది. అందులో మొదట ఉన్నది నేనే.

మా అన్న బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో వేలం పాడే మనిషి. కమీషన్ దుకాణం వేరేవాళ్ళది, గొంతు మా అన్నది. టమాట బాక్సుల వరుస ముందు నిలబడి ధర అందుకున్నాడంటే మధ్యలో ఊపిరి ఎప్పుడు తీసుకున్నాడో ఎవరికీ తెలిసేది కాదు. ముప్పై ఏళ్ళు అదే పని. యార్డులోకి వచ్చిన బండ్లు లెక్కబెట్టి, అవి ఏ వైపు నుంచి వచ్చాయో అడిగి, ఒకసారి ఆకాశం వైపు చూసి రేపు టమాట ఎంత పలుకుతుందో ఇవాళే చెప్పేసేవాడు. చిన్న రైతులు వచ్చి అడిగేవాళ్ళు. "ఇయ్యాల సగమే అమ్ము, రేపు లేస్తది" అనేవాడు. చెప్పింది తప్పితే ఆ రైతు కంటే ముందు తనే తనను తిట్టుకునేవాడు. ముందు ముందు ఏం కాబోతోందో మనిషికి తెలిస్తే ఎంత మేలో మా ఇంట్లో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే. అలాంటి మనిషికి ఆయన దవడ సంగతి మేం చెప్పలేదు.

నేను పద్మారావు నగర్‌లో ఒక బడిలో లెక్కలు చెబుతాను. మా ఇళ్ళల్లో ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా నా చేతికే వస్తుంది. ఇన్సూరెన్సు ఉత్తరమైనా, బ్యాంకు నోటీసైనా, డాక్టరు చీటీ అయినా నేను చదివి, ఇంత అని చెబితే అందరూ అదే వేదం అనుకుంటారు. పాతికేళ్ళుగా ఈ పెద్దరికం వెలగబెడుతున్నాను. ఎవరికి ఎంత చెప్పాలో నాకే తెలుసునన్న పొగరు అక్కడే పట్టుకుంది.

అన్నకు నాలుక మొదట్లో, గొంతు దగ్గర గడ్డ వచ్చింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు నేనే తెచ్చాను, నేనే చదివాను. వదిన నా ముఖం చూసి అర్థం చేసుకుంది. ఏడవడం అయ్యాక ఆమె నోట వచ్చిన మొదటి మాట ఇది.

"ఆయనకు చెప్పొద్దు. గా పేరు ఇంటేనే సగం పానం పోతది."

ఫోన్లో చుట్టాలందరూ అదే మాట అన్నారు. వద్దు, చెప్పొద్దు, ధైర్యం పోతుంది. రోగం ఒకరిది, ధైర్యం గురించి బెంగ ఊరందరిది. ఒక్కరంటే ఒక్కరు కూడా, ఆయన ఒళ్ళు ఆయనది కదా, చెబితే ఏమవుతుంది అనలేదు. నేనూ అనలేదు. మాకు ఇది కొత్త కాదు. మా మేనత్తకు చెప్పలేదు, మా బాబాయికి చెప్పలేదు. వాళ్ళు చివరి దాకా అల్సరనీ, గ్యాసనీ అనుకుంటూ పోయారని మేం చాలా గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

అలా క్యాన్సరు గడ్డ అయింది, రేడియేషన్ కరెంటు పెట్టడం అయింది. ఆసుపత్రి ముందు గేటు మీద ఆ రోగం పేరు తెలుగులో బండంత అక్షరాలతో రాసి ఉంటుంది కాబట్టి ఆటోను రోజూ వెనక గేటుకు తిప్పించేదాన్ని. ఒక రోజు అన్న, "గిటెందుకు చుట్టు తిరిగి పోతున్నం?" అని అడిగాడు. "ఇటైతే లిఫ్టు దగ్గర" అన్నాను. పరీక్షలో వచ్చిన మార్కులు ఇంట్లో దాచిన పిల్లల్ని నేను బయట నిలబెడతాను. మా అన్న దగ్గర మాత్రం నోరు తెరిస్తే అబద్ధమే.

రేడియేషన్ మొదలుపెట్టక ముందు ఆ విభాగం డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. చిన్న వయసు మనిషి, మాట నిదానం. కంప్యూటర్ మీద అన్న ముఖం బొమ్మ పెట్టి, బత్తాయిని అడ్డంగా కోసినట్టు ఒక్కొక్క పొరే చూపించింది. గడ్డ చుట్టూ ఎరుపు, రేడియేషన్ ఎక్కువ పడే చోటు. ఆ ఎరుపు కుడి వైపు కింది దవడ మీదికి కూడా పాకి ఉంది.

"గడ్డకు వెళ్ళే దారిలో ఈ ఎముక ఉంది మేడం. పూర్తిగా తప్పించలేం. తగ్గించగలిగినంత తగ్గించాం, అయినా ఇక్కడ ఎక్కువే పడుతుంది" అంది. తరువాత చివరి దంతం చూపించింది. "ఇది పాడైపోయింది. మొదలుపెట్టక ముందే తీయించేయండి. పుండు మానాక ట్రీట్‌మెంట్ స్టార్ట్ చేద్దాం. రెండు మూడు వారాలు ఆలస్యమైనా పరవాలేదు. రేడియేషన్ అయ్యాక మాత్రం ఆ వైపు పన్ను పీకించకూడదు. అప్పుడు పీకితే ఎముక మానదు. లోపల చచ్చిపోతుంది."

"అందరికీ అట్లనే అవుతుందా?" అన్నాను.

"అందరికీ కాదు. ఎవరికి అయ్యే అవకాశం ఎక్కువో కొంతవరకు ముందే చెప్పగలం. ఎముక మీద పడే డోసు, పాడైన పన్ను, జర్దా అలవాటు. మీ అన్నయ్యకి మూడూ ఉన్నాయి. ఆయన్ని కూడా పిలవండి, ఒకసారి చెప్తాను."

"వద్దు మేడం, నేను చెప్తాను" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. బయట జనం, తలుపు కొడుతున్నారు. సరేనని రేడియేషన్‌కు ఒప్పుకోలు కాగితం నా ముందుకు జరిపింది, నేను సంతకం పెట్టాను. ఆమె మీద నాకిప్పటికీ కోపమే. నా మాట ఎందుకు నమ్మింది? బడిలో పిల్లవాడు "మా నాన్నకు నేను చెప్తాను టీచర్" అంటే నేను నమ్ముతానా? డైరీలో రాసి, నాన్న సంతకం తెమ్మంటాను. నోట్లో పన్ను ఆయనది, ఆయన బయట బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు, తలుపు తీసి ఒక్క కేక వేస్తే వస్తాడు. నేను వద్దన్నానని ఆమె ఊరుకుంది.

అరచేతిలో పట్టేంత కార్డు కూడా ఒకటి ఇచ్చింది. ఆయన ఎప్పుడూ జేబులో పెట్టుకోవాలి, ఏ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినా చూపించాలి అంది. కార్డు మీద మొదటి వరుసలోనే రోగం పేరు ఉంది. ఇంటికి వచ్చి దాన్ని నా బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను.

పన్ను సంగతి వదినకు చెప్పాను. "ముందుగల గడ్డ సంగతి సూడున్రి. పన్నుదేముంది, అది ఎప్పుడన్న పీకిచ్చుకోవచ్చు" అంది. ఎప్పుడన్నా పీకించుకోవడానికి లేదు, సంగతంతా అదే అని నేను గట్టిగా చెప్పాలి. చెప్పలేదు. నాకు ఇంకో భయం పట్టుకుంది. నొప్పి లేని పన్ను పీకించుకోమంటే అన్న ఊరుకోడు. గొంతులో గడ్డకూ పన్నుకూ ఏం సంబంధం అని అడుగుతాడు. ఒక ప్రశ్న వెనక ఒకటి వేసి ఐదు నిమిషాల్లో నా నోటి నుంచి అంతా రాబడతాడు. అందుకని మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి పోయి, "పన్ను తీయించుకోనంటున్నాడు మేడం" అని చెప్పాను.

"నేను మాట్లాడతాను" అంది.

"ఇప్పటికే చాలా పరేషాన్‌లో ఉన్నడు. మరీ అడిగితే అసలు వైద్యమే వద్దని పోతడు" అన్నాను.

ఆమె ఫైల్లో ఏదో రాసుకుంది. చూస్తూ నిలబడ్డాను. కళ్ళ ముందు అన్నను నిలువునా ముంచి, ఏదో ఘనకార్యం చేసినట్టు ఊపిరి పీల్చుకున్నాను.

ఆరు వారాలు దాటి నడిచింది రేడియేషన్. ముఖానికి వల లాంటి తొడుగు వేసి బల్లకు బిగించేవాళ్ళు. నోరంతా పుండ్లు. పెరుగన్నం మిక్సీలో వేసి పల్చగా చేసి ఇస్తే కళ్ళు మూసుకుని మింగేవాడు. నోరు బిగుసుకుపోకుండా ఐస్‌క్రీమ్ పుల్లలు కట్టగా కట్టి పళ్ళ మధ్య పెట్టుకోవాలని చెప్పారు. రోజుకు ఇన్నిసార్లు అంటే అన్నిసార్లూ పెట్టుకున్నాడు, ఒక్క పూట తప్పించలేదు. జర్దా మానమన్న రోజే మానేశాడు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి ఆయన. పన్ను తీయించుకోమని చెబితే ఆ సాయంత్రమే తీయించుకునేవాడు.

గడ్డ కరిగిపోయింది. అన్న మార్కెట్‌కు పోవడం మొదలుపెట్టాడు. గొంతులో కాస్త జీర మిగిలింది గానీ పాట మాత్రం పాతదే. "సూసినవా, చెప్పకపోవుడే మంచిదైంది" అంది వదిన. నేనూ అవునన్నాను. ఇంటికి వచ్చినవాళ్ళకు, మేం ఎంత తెలివిగా నెట్టుకొచ్చామో వెనక గేటుతో సహా వర్ణించి చెప్పాను. వాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

ఏడాదిన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం అన్న ఫోన్ చేశాడు. నేను స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతున్నాను.

"చెల్లె, రెండు దినాల సంది పన్ను ఒకటే సలుపుడు. మార్కెట్ నుంచి వస్తా వస్తా కార్ఖానా బస్టాప్ కాడ పళ్ళ డాక్టర్ దగ్గర ఆగి పీకిచ్చేసిన. పీడ పోయింది" అన్నాడు.

"ఏ వైపు?" అన్నాను.

"కుడి దిక్కు, ఆఖరిది."

ఆ పళ్ళ డాక్టరు షుగరుందా, బీపీ ఉందా, ఏదన్నా ఆపరేషన్ అయిందా అని అడిగాడట. లేదు, లేదు, లేదు అని చెప్పాడట అన్న. గొంతులో గడ్డకు కరెంటు పెట్టించుకున్న మాట పన్నుకు సంబంధం లేదనుకుని చెప్పలేదట. ఎందుకు చెబుతాడు? సంబంధం ఉందని రాసిన కార్డు నా చీరల కింద ఉంది. ఆ రోజైనా నేను పరిగెత్తి ఆసుపత్రికి తీసుకుపోవాలి. పోలేదు. ఏమో, అందరికీ కాదన్నది కదా, మానిపోతుందేమో అని దేవుడికి దండం పెట్టుకుంటూ కూర్చున్నాను.

మానలేదు. వారం, నెల, మూడు నెలలు. "నాలుకకు ఏందో గరుగ్గ తగుల్తుంది" అన్నాడు. టార్చి వేసి చూస్తే చిగురు మధ్యలో ఎముక పసుపుపచ్చగా బయటికి కనిపిస్తోంది. నోట్లో వాసన. మూడు వేళ్ళు రెండు అయ్యాయి, రెండు ఒకటి అయింది. యార్డులో వేరేవాళ్ళు వేలం పాడుతుంటే గోనె సంచుల మీద కూర్చుని చేతి సైగలతో వాళ్ళను సరిదిద్దేవాడు. రైతులు దగ్గరికి వచ్చి పలకరిస్తే తల ఊపేవాడు. ముప్పై ఏళ్ళు వాళ్ళ పంటకు ధర పలికిన మనిషి.

అప్పుడు తీసుకుపోయాను. అదే డాక్టరమ్మ. ఫైలు తెరిచి, పాత కాగితం చూసి, తల ఎత్తి నన్ను చూసింది. తిట్టినా బాగుండేది. నెలల తరబడి మాత్రలు వాడించారు. లాభం లేకపోయేసరికి ఆపరేషన్ చేసే డాక్టరు దగ్గరికి పంపారు.

మొన్న మంగళవారం ఆ పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. ఎముక చచ్చిపోయింది, ఏ రోజైనా విరగొచ్చు, ఆ ముక్క తీసేసి కాలి ఎముక తెచ్చి అతకాలి అన్నాడు. మాట ఉంటుంది, తినగలుగుతాడు, నోరు మాత్రం మునుపటిలా తెరుచుకోదు, అరిచే పని ఇక కుదరదు. అంతా చెప్పి, "పేషెంటుకి నన్ను చెప్పమంటారా, మీరు చెప్తారా?" అని అడిగాడు.

నేను ఏమన్నానో రాయడానికి చెయ్యి రావడం లేదు. "నేను చెప్తాను సార్" అన్నాను. ఇంత అయ్యాక కూడా. వదినా నేనూ ఆసుపత్రి మెట్ల దగ్గర నిలబడి, కాస్త ఆగి చెబుదాం, మెల్లగా చెబుదాం అనుకున్నాం. బుద్ధి లేకపోవడానికి కూడా ఒక హద్దుంటుంది.

ఆదివారం పొద్దున అన్న మా ఇంటికి వచ్చాడు. ఒక్కడే, స్కూటర్ మీద. చంకలో ఫైలు. వదిన ట్రంకులో దాచిన దాన్ని వెతికి తెచ్చుకున్నాడు. సోఫాలో కూర్చుని దాన్ని నా ఒళ్ళో పడేశాడు.

"సదువు" అన్నాడు. పళ్ళ మధ్య నుంచి వస్తుంది ఇప్పుడు ఆయన మాట, దగ్గరికి జరిగి వినాలి. "ఒక్క అక్షరం ఇడ్వకుండ తెలుగుల చెప్పు."

మొదటి పేజీ తీశాను. అలవాటైన నోరు కదా, "నాలుక మొదట్లో గడ్డ" అని మొదలుపెట్టాను.

"క్యాన్సర్ అని సదువు."

నేను తలెత్తలేదు.

"ఏందీ, నాకు తెల్వదనుకున్నరా? వెనక గేటు నుంచి తీస్కపోతే ముందు గేటు మీది బోర్డు కనపడదా? లోపట కూసున్నోళ్ళు నాతోని మాట్లాడరా? మొదటి దినమే తెల్సు. మీరిద్దరు గంత తక్లీఫ్ పడి దాస్తుంటే, తెల్సని చెప్తే మీ పానం ఏమైతదో అని ఊకున్న. సదువు."

చదివాను. ఒక్కొక్క లైను ఇంగ్లీషులో చదివి తెలుగులో చెబుతూ పోయాను. దవడ పేజీ వచ్చింది. కుడి వైపు ఎముక మీద డోసు ఎక్కువ. చివరి దంతం ముందే తీయాలి. తరువాత పీకితే ఎముక చచ్చే ప్రమాదం. అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"మల్ల సదువు."

మళ్ళీ చదివాను.

"గిది ఎప్పటిది?"

"కరెంటు పెట్టక ముందుది."

తరువాతి లైను కూడా చదవమన్నాడు. అది ఇన్నాళ్ళూ నేను మళ్ళీ చూడని లైను. రోగికి వివరించాం, పన్ను తీయించుకోవడానికి రోగి ఒప్పుకోలేదు అని ఉంది. అదీ తెలుగులో చెప్పాను.

"నేనా? నేను ఒప్పుకోలే అన్ననా? నన్ను ఎవరడిగిన్రు?"

అంతకంటే గట్టిగా అరవాలనుకున్నాడు. నోరు తెరుచుకోలేదు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మాట మాత్రం ఆ చిటికెన వేలంత సందులో నుంచే వచ్చింది. మా ఇంటి గోడలు అదిరేలా నన్ను తిట్టాల్సిన మనిషికి తిట్టడానికి కూడా నోరు లేకుండా చేశాను.

"నేనే చెప్పిన అట్ల" అన్నాను.

"నాకు తెల్సిందేమో దాసిన్రు. నాకు తెల్వంది ఇదొక్కటే, ఇది సుత దాసిన్రు" అన్నాడు. "ఇంకేమన్న ఉన్నదా? ఉంటే ఇప్పుడే చెప్పు."

ఉందని చెప్పాను. ఎముక తీసేస్తారని, కాలి ఎముక పెడతారని, మాట ఉంటుందని, వేలం మాత్రం ఇక పాడలేవని, ఏదీ మింగకుండా చెప్పాను. జీవితంలో మొదటిసారి ఆయన ముఖం చూస్తూ చెప్పాను. అన్న కదలకుండా విన్నాడు.

"ఎన్నడు చెప్పిన్రు ఇది?"

"మంగళవారం."

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. తరువాత ఫైలు నా ఒళ్ళో నుంచి తీసుకుని లేచి నిలబడ్డాడు.

"గురువారం యార్డుకు పోయిన. రైతులందరు చుట్టు చేరి ఎప్పుడు పాడుతవని అడిగిన్రు. దసరాకు మల్ల నేనే పాడుతా అని అందరికి చేతుల చెయ్యేసి మాటిచ్చిన" అన్నాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు. "పాడనని వాళ్ళకైన నన్నే చెప్పనియ్యి. నువ్వు పోయి చెప్పకు."